గైడ్ డాగ్ దారి చూపించదు, అడ్డం తప్పిస్తుంది

(ఏప్రిల్ ఆఖరి బుధవారం, అంతర్జాతీయ గైడ్ డాగ్ దినం సందర్భంగా నెల్లూరులో చేసిన ప్రసంగం, ఆ తర్వాత అడిగిన ప్రశ్నలకు జవాబులు)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో చూపులేని పిలకాయలూ, వాళ్ల అమ్మానాన్నలూ, టీచర్లూ ఉన్నారు. వెనకవైపు ఆటోస్టాండు అన్నలు, ఆర్టీసీ కండక్టర్లు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. చాలా సంతోషం. గైడ్ డాగ్, అంటే చూపులేనివాళ్లతో నడవడానికి నేర్పిన కుక్క, పని చెయ్యాలంటే దాన్ని పట్టుకున్న మనిషికి తర్ఫీదు ఉండాలి, అది నడిచే వీధిలో జనానికి తెలివిడి ఉండాలి. అందుకని ఇద్దరికీ పనికొచ్చేట్టు మాట్లాడతాను.

మొదట ఒక అపోహ తీసేద్దాం. "బ్యాంకుకి పోవాలి అని కుక్కకి చెబితే చాలు, అదే తీసుకుపోతుంది" అని చాలామంది నమ్మకం. అది జరగదు. దారి తెలియాల్సింది మనిషికి. ఎక్కడ ఎడమకి తిరగాలి, ఎన్నో సందు, రోడ్డు ఎక్కడ దాటాలి, ఇవన్నీ మనిషి తలలో ఉండాలి. ఆ దారిలో అడ్డం వచ్చే స్తంభం, తోపుడు బండి, గుంట, మూత లేని కాలువ, మెట్టు, వీటినుంచి తప్పించేది కుక్క. లారీ డ్రైవరూ క్లీనరూ లాగా అనుకోండి. క్లీనరు "ఆపన్నా, బండొస్తంది" అంటాడు, డ్రైవరు ఆపుతాడు. కానీ లోడు కావలికి పోవాలా ఒంగోలుకి పోవాలా అన్నది క్లీనరు చెప్పడు. ఈ పనుల పంపకం మనసులో పెట్టుకుంటే ఇవాళ నేను చెప్పబోయేదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గైడ్ డాగ్‌తో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒకరి పని ఇంకొకరి మీద పడేసినప్పుడో, మధ్యలో మూడో మనిషి చెయ్యి పెట్టినప్పుడో వచ్చేవే.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మొదటి శిక్షణ కేంద్రం మొదలైంది. 1929లో అమెరికాలో 'సీయింగ్ ఐ' సంస్థ వచ్చింది, 1931లో బ్రిటన్‌లో మొదటి నాలుగు కుక్కలు పనిలోకి దిగాయి. మొదట్లో అన్నీ జర్మన్ షెపర్డ్‌లే. ఇప్పుడు ఎక్కువగా ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఈ రెండింటి సంకరం. మన దేశంలో గైడ్ డాగ్‌తో తిరిగేవాళ్లు బహు తక్కువ. అందుకే ముందుగా తెలుసుకోవడం ముఖ్యం. తెలియకుండా ఆశపడి ఒక కుక్కని తెచ్చుకుంటే మనిషికీ, కుక్కకీ ఇద్దరికీ కష్టం.

ఇక హార్నెస్ సంగతి. ఇదిగో, ఇది చేతికి ఇస్తాను, పిలకాయలు ఒక్కొక్కరూ తడిమి చూడండి. ఛాతీ ముందు ఒక పట్టీ, ముందు కాళ్ల వెనక పొట్ట కిందుగా ఇంకో పట్టీ, వీపు మీద నుంచి పైకి లేచిన గట్టి పిడి. ఆ పిడి గట్టిగా ఎందుకుంది? తాడయితే కుక్క లాగిందన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. గట్టి పిడిలోంచి కుక్క భుజం ఎడమకి జరిగిందా, కుడికి జరిగిందా, అడుగు నెమ్మదించిందా, మెట్టు దగ్గర ఛాతీ పైకి లేచిందా, అంతా అరచేతికి తెలిసిపోతుంది. కుక్క ఎడమవైపు నడుస్తుంది, పిడి ఎడమ చేతిలో ఉంటుంది. లీష్, అంటే మెడపట్టీకి కట్టిన తాడు, కూడా ఆ చేతిలోనే. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి, తలుపు తియ్యడానికీ, రెయిలింగ్ పట్టుకోవడానికీ, అవసరమైతే కర్ర పట్టుకోవడానికీ. పిడి వదిలేస్తే కుక్కకి డ్యూటీ లేనట్టే. ఇది దానికి బాగా తెలుసు. పిడి వదిలేసి, లీష్ మాత్రం పట్టుకుని "నన్ను తీసుకుపో" అంటే అది మామూలు కుక్కలాగే నడుస్తుంది, స్తంభానికి మీరు గుద్దుకున్నా దాని తప్పు లేదు.

పట్టీల బిగువు గురించి ఒక మాట. పొట్ట పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. వదులైతే హార్నెస్ పక్కకి జారి, కుక్క తిన్నగా పోతున్నా చేతికి వంకరగా పోతున్నట్టు తెలుస్తుంది. బిగువైతే ముందుకాళ్ల సందున ఒరుసుకుని పుండు పడుతుంది. మన ఉక్కపోతలో ఆ పుండు తొందరగా చీము పడుతుంది. రోజూ హార్నెస్ తీశాక ఆ చోట వేళ్లతో తడమాలి. వెంట్రుకలు రాలి నున్నగా తగిలితే పట్టీ సరిచెయ్యాల్సిందే.

శిక్షణ ఎట్లా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే కుక్క ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలుస్తుంది. కుక్కపిల్ల ఏడెనిమిది వారాల వయసులో ఒక కుటుంబానికి పోతుంది. ఏడాదికి పైగా అక్కడే. అక్కడ అడ్డాలు తప్పించడం నేర్పరు. బస్సు చప్పుడు, మార్కెట్ గోల, లిఫ్టు, మెట్లు, పిల్లల అరుపులు, ఇవన్నీ మామూలే అని అలవాటు చేస్తారు. నేల మీద పడ్డది తినకపోవడం, చెప్పిన చోట, చెప్పిన వేళకి దొడ్డికి పోవడం, కుర్చీ కింద గంటసేపు కదలకుండా పడుకోవడం నేర్పుతారు. తర్వాత అసలు శిక్షణ కొన్ని నెలలు. ఆ తర్వాత మనిషితో జత కట్టి కొన్ని వారాలు ఇద్దరికీ కలిపి నేర్పుతారు. ఇంత చేసినా, తరతరాలుగా ఎంచి పెంచిన సంతానమే అయినా, సగానికి అటూ ఇటూ కుక్కలు గైడ్ పనికి పనికిరావని పక్కన పెట్టేస్తారు. ఒకటి టపాకాయల చప్పుడికి బెదురుతుంది, ఒకటి పావురాన్ని చూస్తే ఆగలేదు, ఇంకొకదానికి తుంటి కీలు సరిగా ఉండదు.

శిక్షణలో అన్నిటికన్నా కష్టమైనది తల ఎత్తులో ఉన్న అడ్డం. కుక్క ఎత్తు రెండడుగులు. దాని తలకి బాగా పైన, మన తల ఎత్తులో ఉన్న బొంగు దానికి అడ్డం కాదు, అది హాయిగా కింద నుంచి దూరిపోతుంది. మనిషి నుదుటికి తగులుతుంది. దీన్ని ఎట్లా నేర్పుతారంటే, శిక్షకుడు అడ్డంగా ఒక బొంగు కట్టి కుక్కతో దాని కిందికి నడుస్తాడు. బొంగు దగ్గర టక్కున ఆగి, చేత్తో దాన్ని తట్టి చప్పుడు చేసి, "ఇదిగో, చూడు" అన్నట్టు చూపించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ వస్తాడు. ఈసారి కుక్క కాస్త పక్కకి తిరిగితే మెచ్చుకుంటాడు, తిండి ముక్క పెడతాడు. చీకట్లో, ఎండలో, బొంగు బదులు కొమ్మ, గొడుగు, రేకు, ఇట్లా మార్చి మార్చి చేస్తాడు. అప్పుడు కుక్కకి తన పక్కనున్న మనిషి ఎత్తు, వెడల్పు కూడా తనదే అని అర్థమవుతుంది. పెద్దబజారులో సగం దించిన షట్టర్లు, షాపుల ముందు వంచి కట్టిన రేకులు, ఫ్లెక్సీలకి వాలుగా కట్టిన కర్రలు, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. ఈ పాఠం వాడకపోతే మరుగున పడుతుంది. జత కట్టాక కూడా తలకి ఏదైనా తగిలితే, విసుక్కోకుండా అక్కడే ఆగి దాన్ని తట్టి, వెనక్కి వెళ్లి, మళ్లీ నడిచి, తప్పించాక మెచ్చుకోవాలి. "పోనీలే, చిన్న దెబ్బే" అని ముందుకు పోయారంటే, అట్లా నడిచినా ఫరవాలేదని మీరే దానికి నేర్పినట్టు.

రోడ్డు దాటడం. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. ఎప్పుడు దాటాలో నిర్ణయించేది మనిషి, చెవులతో. కుక్క సిగ్నల్ చూసి దాటదు. దాని కళ్లకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు కూడా. కుక్క ఫుట్‌పాత్ అంచున ఆగుతుంది. మీరు కాలితో ఆ అంచు వెతికి పట్టుకోవాలి, రెండు పాదాలూ ఎదుటి వైపుకి తిన్నగా పెట్టాలి. నిలబడ్డప్పుడే వంకరగా ఉంటే దాటేటప్పుడు కూడలి మధ్యలోకి పోతారు. ఇక వినాలి. అడ్డంగా పోయే బండ్లు ఆగి, మీ పక్కగా మీరు పోయే దిక్కుకే బండ్లు కదిలిన చప్పుడు వచ్చిందా, అదీ సమయం. అప్పుడు కుక్కకి "ఫార్వర్డ్" అని చెప్పాలి. కుక్క కదిలితే నడవండి. కదలకపోతే? అక్కడే దాని గొప్పతనం. బండి వస్తుంటే చెప్పినా కదలదు, మధ్యలో ఉంటే ఆగుతుంది, మరీ దగ్గరైతే వెనక్కి లాగుతుంది. దీన్ని తెలివైన ధిక్కారం అంటారు. శిక్షణలో తోటి శిక్షకుడు కారు నడుపుకుంటూ మీదికి వస్తుంటే, ఇవతలి శిక్షకుడు కుక్కని పట్టుకుని ఠక్కున ఆగి వెనక్కి జరగడం పదేపదే చేసి నేర్పిస్తారు. అందుకని కుక్క కదలనప్పుడు దాన్ని ముందుకి తొయ్యకూడదు. రెండోసారి వినండి, కాలితో ముందు తడిమి చూడండి, ఆ తర్వాతే మళ్లీ చెప్పండి.

మన ఊళ్లో చిక్కు ఎక్కడంటే, వీఆర్సీ సెంటర్లోనో గాంధీబొమ్మ దగ్గరో బండ్లు ఒక్క దిక్కు నుంచే రావు. రాంగ్ రూట్లో వచ్చే బైకు చెవికి మోసం చేస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లూ, ఎలక్ట్రిక్ ఆటోలూ అసలు చప్పుడే చెయ్యవు. చెవి పని చెయ్యని ఈ చోట కుక్క కన్ను పనికొస్తుంది, నిజమే. కానీ దాన్నే పూర్తిగా నమ్మి దాటడం పొరపాటు. కుక్క ఆఖరి రక్ష, మొదటి ఆసరా కాదు. మధ్యలో డివైడరు ఉన్న చోట దాటితే ఒక విడతకి ఒక దిక్కు బండ్లే వినాలి, అది నయం. అంతగా కుదరకపోతే ఎవరినైనా సాయం అడగడంలో తప్పులేదు.

కర్రతో నడిచేవాళ్లకీ కుక్కతో నడిచేవాళ్లకీ ఇంకో పెద్ద తేడా ఉంది, బయటివాళ్లకి ఇది తట్టదు. కర్ర అడ్డాన్ని వెతుకుతుంది. స్తంభం తగిలింది, "ఆ, ఇది మందుల షాపు ముందు కరెంటు స్తంభం, ఇక ఇరవై అడుగులకి సందు" అని లెక్క కడతారు. కుక్క ఆ స్తంభాన్ని తప్పించేస్తుంది కాబట్టి అది ఉన్నట్టే మీకు తెలియదు. అప్పటిదాకా గుర్తుపెట్టుకున్న గుర్తులన్నీ ఒక్కసారి మాయమవుతాయి. కొత్తగా కుక్క వచ్చినవాళ్లు తెలిసిన వీధిలోనే దారి తప్పేది ఇందుకే. వేరే గుర్తులు పెట్టుకోవాలి. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి దగ్గర నేల కిందికి వాలుతుంది, బండ్ల మోత గోడలకి తగిలి మారుతుంది. కాఫీపొడి మర ఆడించే చోట వాసన. ఆర్టీసీ బస్టాండులో మైకు. ఎండ మొహానికి కొడుతున్నది ఒక్కసారి ఆగితే అక్కడ ఎత్తు మేడ ఉన్నట్టు. పాదం కింద సిమెంటు రోడ్డు పోయి తారు వస్తే మలుపు దగ్గర పడ్డట్టు. ఇవన్నీ కర్రతో నడిచే రోజుల్లోనే నేర్చుకుని ఉండాలి. అందుకే ఏ మంచి సంస్థ అయినా కర్రతో సొంతంగా తిరగలేనివాళ్లకి కుక్కని ఇవ్వదు.

జత కట్టేటప్పుడు కుక్క అందం, రంగు చూడరు. మీ నడక వేగం చూస్తారు. కుక్కని ఇవ్వకముందే శిక్షకుడు హార్నెస్ పిడి తను పట్టుకుని కుక్క స్థానంలో నడుస్తాడు, రెండో కొస మీరు పట్టుకుని వెంట నడవాలి. దీనికి జూనో నడక అని పేరు. వేగం ఎంత, ఎంత లాగుడు తట్టుకుంటారు, మలుపులో పాదం ఎట్లా తిప్పుతారు, అన్నీ దాంట్లో తెలిసిపోతాయి. చురుగ్గా లాగే కుక్కని నెమ్మదిగా నడిచే పెద్దాయనకి ఇస్తే ఆయనకి భుజం నొప్పి, దానికి విసుగు.

ఇక మన నేలకి సంబంధించిన సంగతులు. ఎండ ముందు. మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, నాలుక మీది తడి ఆవిరయితేనే అది చల్లబడుతుంది. సముద్రపు గాలితో తేమ నిండిన రోజు ఆ తడి ఆవిరి కాదు. అందుకే 42 డిగ్రీల పొడి ఎండ కన్నా ఒక్కోసారి 38 డిగ్రీల ఉక్కపోత దానికి ప్రమాదం. రోహిణి కార్తెలో పొద్దున ఏడున్నర లోపు, సాయంత్రం ఆరున్నర తర్వాత తప్ప పనికి తీసుకుపోవద్దు. మధ్యాహ్నం పని పడితే ఆ రోజు కర్ర తీసుకోండి, కుక్కని ఇంట్లో ఫ్యాను కింద ఉంచండి. తారురోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి, ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు. పాదాలకి బూట్లు వేస్తామంటే వెయ్యొచ్చు, ఇంట్లో ముందు అలవాటు చేసి. కానీ బూట్లు పాదాన్ని కాపాడతాయి గానీ ఒంటి వేడిని తగ్గించవు. బొచ్చు గొరిగించడం మాత్రం చెయ్యకండి, ఆ బొచ్చే ఎండనుంచి చర్మాన్ని కాపాడుతుంది.

వడదెబ్బ తగిలిందని చూపులేని మనిషికి ఎట్లా తెలుస్తుంది? చెవికీ చేతికీ తెలుస్తుంది. రొప్పు గురగురమని బరువుగా మారుతుంది, ఆగినా తగ్గదు. చొంగ చిక్కగా, జిగటగా కారుతుంది. పిడిలో అడుగు తడబడడం తెలుస్తుంది. ఆ క్షణమే హార్నెస్ విప్పి, నీడకి తీసుకుపోయి, మామూలు కుళాయి నీళ్లు పొట్ట, తొడలు, మెడ తడిసేట్టు ఒళ్లంతా పొయ్యాలి. గాలి ఆడేట్టు విసరాలి. తడి తువ్వాలు కప్పి ఉంచకూడదు, కాసేపటికి అదే వేడెక్కి వేడిని లోపలే ఆపేస్తుంది. తాగడానికి కొద్దికొద్దిగా నీళ్లివ్వాలి, నోట్లోకి బలవంతంగా పోయకూడదు. మామూలుగా కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మాట్లాడే థర్మామీటరు ఇంట్లో ఉండాలి. 39.5కి దిగేసరికి నీళ్లు పొయ్యడం ఆపి పశువుల ఆసుపత్రికి బయల్దేరాలి. తేరుకుంది కదా అని మానేయొద్దు, లోపల దెబ్బ తర్వాత బయటపడుతుంది.

గోమార్లు ఎండంత చెడ్డవి. వాటివల్ల వచ్చే జ్వరాలు రక్తాన్ని తినేస్తాయి. ప్రతిరోజూ దువ్వేటప్పుడు వేళ్లతో వెతకాలి: చెవుల లోపల, చెవుల వెనక, మెడపట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో. చూపులేనివాళ్ల వేళ్లు ఈ పనిలో చూపున్నవాళ్ల కళ్లకన్నా నమ్మకం, ఎందుకంటే బొచ్చు అడుగున ఉన్నది కంటికి కనిపించదు, వేలికి గింజలాగా తగులుతుంది. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా తిన్నగా లాగాలి. వేళ్ల మధ్య నలపొద్దు, కిరసనాయిలు పొయ్యొద్దు. తిండికి ఎగబడే ల్యాబ్రడార్ ఒక పూట గిన్నె వదిలేసిందంటే, ముక్కు నుంచి నెత్తురు కనబడిందని ఎవరైనా అన్నారంటే, అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. డాక్టరు చెప్పిన గోమార్ల మందు నెల తప్పకుండా వెయ్యాలి. రేబిస్ టీకా ఏటా. అక్టోబరు, నవంబరు వానల్లో నిలిచిన మురుగునీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరా జ్వరం వస్తుంది, మనకీ వస్తుంది కుక్కకీ వస్తుంది. కాబట్టి ఆ టీకా కూడా ఏటా తప్పనిసరి. వానాకాలంలో ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టాలి.

తిండి. 28 కిలోల ల్యాబ్రడార్‌కి పొడి మేత రోజుకి దాదాపు 300 నుంచి 350 గ్రాములు, రెండు పూటలుగా. కొలగిన్నెతో కొలవాలి, చేత్తో అంచనా వెయ్యొద్దు. బహుమతిగా పెట్టే ముక్కలు కూడా అందులోంచే తీసెయ్యాలి. ఈ జాతి ఎప్పుడు చూసినా ఆకలితో ఉన్నట్టుంటుంది, దానికి కారణం ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూసినదేమంటే, ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతు కుక్కల్లో కడుపు నిండిందని చెప్పే జన్యువులో కొంత భాగం లోపించి ఉంది. సేవాపనికి ఎంచిన ల్యాబ్రడార్లలోనయితే అది దాదాపు నాలుగింట మూడు వంతుల్లో ఉంది. తిండి మీద యావ ఉన్న కుక్క తొందరగా నేర్చుకుంటుంది కాబట్టి, మనుషులు తెలియకుండానే అలాంటివాటినే ఎంచుకుంటూ వచ్చారన్నమాట. అంటే మన గైడ్ డాగ్ టిఫిన్ హోటలు ముందు ఎంగిలాకుల పక్కనుంచి, చికెన్ షాపు వెనకనుంచి నడిచిపోవడం ఎంత నిగ్రహమో ఆలోచించండి. దానికి మీరు ఒక బిస్కెట్ పెట్టారంటే ఆ నిగ్రహాన్ని చెడగొట్టినట్టే. రేపు అది రోడ్డు మధ్యలో బిస్కెట్ వాసనకి వంగుతుంది. ఇంట్లో కూడా ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర, కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగులో గుచ్చుకుంటుంది.

దొడ్డికి తీసుకుపోవడం గురించి అడగడానికి అందరికీ మొహమాటం, నేనే చెబుతాను. హార్నెస్ విప్పాలి, లీష్ మాత్రం ఉండాలి. రోజూ ఒకే వేళకి, ఒకే మాట చెప్పాలి. కుక్క తిరుగుతూ ఆగినప్పుడు వీపు మీద చెయ్యి పెడితే, వీపు గుండ్రంగా వంగి ఉంటే దొడ్డికి, తిన్నగా ఉంటే ఒంటికి. మీ పాదాన్ని దాని వెనక కాలి పక్కన ఆనించి ఉంచుకుంటే చోటు తెలుస్తుంది. ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని, ఎత్తి, కవరు తిరగేసి ముడి వెయ్యాలి. చూపులేనివాళ్లు ఈ పనిని శుభ్రంగా చేసుకోగలరు.

ఇక వీధికుక్కలు. మన పరిస్థితిలో గైడ్ డాగ్‌కి అతి పెద్ద గండం ఇదే అని నా అభిప్రాయం, బండ్లకన్నా కూడా. నాలుగు వీధికుక్కలు ఒక్కసారి మీద పడితే గాయం మానుతుంది గానీ, కుక్కలో పుట్టిన భయం మానకపోవచ్చు. మంచి కుక్కలు కూడా ఆ ఒక్క దాడితో పని మానేసిన సందర్భాలు ఇతర దేశాల్లో ఎన్నో ఉన్నాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకి ఆపరేషను, రేబిస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. మునిసిపాలిటీని అడగాలి, వదిలిపెట్టకుండా అడగాలి. ప్రేమతో తిండి పెట్టే అక్కలకి ఒక మనవి: పెట్టండి, కానీ బస్టాపు దగ్గర, ఫుట్‌పాత్ మీద, బడి గేటు ముందు కాకుండా, నడిచే దారికి దూరంగా ఒకేచోట పెట్టండి. తిండి ఉన్న చోటే అవి కాపలా కాస్తాయి, అక్కడే కొత్త కుక్క మీదికి వస్తాయి. దాడి జరుగుతుంటే చుట్టుపక్కలవాళ్లు రాళ్లు విసరొద్దు, రాయి ఎవరికి తగులుతుందో తెలియదు. గట్టిగా అరుస్తూ మధ్యలోకి బకెట్టు నీళ్లు కొట్టండి, లేదా గొడుగు, అట్టపెట్టె ఏదైనా అడ్డం పెట్టండి.

ఆటో అన్నలకీ కండక్టర్లకీ. హార్నెస్‌లో ఉన్న కుక్కని పిలవొద్దు, ముట్టొద్దు, ఈల వెయ్యొద్దు. మనిషితో మాట్లాడండి. "అదిగో అటు", "ఆ పక్కన" అంటే వాళ్లకి ఏం తెలియదు. "మీ కుడికి తిరిగి పదడుగులు, తర్వాత రెండు మెట్లు" అనండి. హార్నెస్ పిడి పట్టుకుని లాగడం, చెయ్యి పట్టి రోడ్డు దాటించెయ్యడం, ఇవి సాయం కావు. ఆ క్షణంలో కుక్కకి ఎవరి మాట వినాలో తెలియక ఆగిపోతుంది. "మోచెయ్యి ఇవ్వమంటారా?" అని అడగండి. ఊ అంటే మీ మోచెయ్యి అందివ్వండి, వాళ్లు కుడి చేత్తో పట్టుకుంటారు, పిడి వదిలేసి కుక్కని లీష్‌తో నడిపించుకుంటారు. హారన్ కొట్టి "దాటండి" అనడం కూడా వద్దు, హారన్ మోతలో మిగతా బండ్లు వినబడవు. బస్సులో కుక్క సీటు కింద కాళ్ల దగ్గర ముడుచుకుంటుంది. నిలబడ్డవాళ్ల చెప్పు దాని తోక మీద, పంజా మీద పడకుండా చూస్తే చాలు.

చట్టం సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. వివక్ష కూడదనీ, బస్సులూ భవనాలూ అందరికీ అందుబాటులో ఉండాలనీ అది చెబుతుంది. కానీ గైడ్ డాగ్‌ని లోపలికి రానివ్వాల్సిందే అని అమెరికా, బ్రిటన్ చట్టాల్లో విడమర్చి చెప్పినట్టు అందులో చెప్పలేదు. ఆ మాట చేరాలి, దానికోసం అడగాలి. అప్పటిదాకా హోటలు యజమానికి ముందుగా ఫోను చేసి, కుక్క టీకా కార్డు చూపించి, మూల బల్ల అడిగితే గొడవ లేకుండా జరిగిపోతుంది. గుడి దగ్గర, మసీదు దగ్గర మాత్రం అక్కడివాళ్ల మనసు చూసుకుని, కుక్కని తెలిసినవాళ్లకి అప్పగించి, మనిషి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లడం మేలు. రొట్టెల పండగ లాంటి లక్షల జనం ఉన్న చోటికి కుక్కని అసలు తీసుకుపోవద్దు. ఆ తొక్కిడిలో అది ఎవరినీ తప్పించలేదు.

ఇప్పుడు ప్రశ్నలు.

(ఒక తండ్రి: మేమే ఒక ల్యాబ్రడార్ పిల్లని కొని, మా అబ్బాయికి నేర్పించుకోవచ్చా సార్?)

అయ్యా, మీ ఆశ అర్థమైంది. కానీ చెయ్యొద్దనే చెబుతాను. తల్లిదండ్రుల తుంటి కీళ్ల ఎక్స్‌రే, కంటి పరీక్ష లేకుండా అమ్మే పిల్లలు ఎక్కువ. రెండేళ్లు నేర్పించాక తుంటి చెడిందని తేలితే ఏం చేస్తారు? కూర్చో, నిలబడు అని నేర్పడం ఎవరైనా చెయ్యగలరు. బండికి ఎదురు ఆగడం, తలపైన అడ్డం తప్పించడం, ఇవి తప్పుగా నేర్పితే అబ్బాయి ప్రాణానికి ముప్పు. కుక్క కావాలంటే ఇంట్లో నేస్తంగా తెచ్చుకోండి. దువ్వడం, తిండి పెట్టడం, గోమార్లు తియ్యడం అబ్బాయి చేతే చేయించండి. రేపు నిజంగా గైడ్ డాగ్ వస్తే ఆ అలవాటు వాడికి పెట్టుబడి.

(ఒక టీచరమ్మ: కుక్క ఎన్నేళ్లు పని చేస్తుంది? తర్వాత?)

ఎనిమిది నుంచి పదేళ్ల వయసు దాకా అమ్మా. రోడ్డు దాటేటప్పుడు తటపటాయించడం, మెట్ల దగ్గర వెనకాడడం, హార్నెస్ చూడగానే పక్కకి పోవడం, ఇవి రిటైరు చెయ్యాల్సిన గుర్తులు. ఇంకొక ఏడాది లాగిద్దాం అనుకోకూడదు. రిటైరయ్యాక అదే ఇంట్లో ఉండొచ్చు, కానీ కొత్త కుక్క హార్నెస్ వేసుకుని బయటికి పోతుంటే పాతది గుమ్మం దగ్గర బెంగపడుతుంది. అందుకే కొంతమంది దాన్ని దగ్గరి చుట్టాలకి ఇస్తారు.

(ఒక విద్యార్థి: అయితే ఇప్పుడు మేం చెయ్యాల్సింది ఏంది సార్?)

కర్ర, అబ్బయ్యా. నీ ఛాతీ ఎముక దాకా వచ్చే కర్ర కావాలి, పొట్టి కర్ర వద్దు. పొట్టిదైతే గుంట తగిలేసరికి కాలు అందులో ఉంటుంది. భుజాల వెడల్పు మేర అటూ ఇటూ ఆడించాలి. కుడి కాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొస ఎడమవైపు ఉండాలి, ఎడమ కాలు పడేటప్పుడు కుడివైపు. అంటే తర్వాతి అడుగు పడే చోటుని కర్ర ముందే చూస్తుంది. నడుము పైన ఉన్న అడ్డాలు కర్రకి తెలియవు కాబట్టి, ఐఐటీ ఢిల్లీ వాళ్లు 2014లో స్మార్ట్‌కేన్ అనే పరికరం తెచ్చారు. మామూలు కర్ర పిడికి తగిలిస్తే ధ్వని తరంగాలతో అడ్డాన్ని పసిగట్టి చేతిలో వణుకుతుంది, దూరాన్ని బట్టి వణుకు మారుతుంది. సగం దించిన షట్టరు అది పట్టేస్తుంది. రోడ్డులో గుంట మాత్రం పట్టదు, దానికి కర్ర కొసే దిక్కు. మొదట ఇంటి నుంచి బడికి ఒక్క దారి తీసుకో. చూపున్న మనిషి ఒకరు నీకు నాలుగడుగులు వెనకగా, మాట్లాడకుండా నడవాలి, ప్రమాదమైతేనే నోరు తెరవాలి. ఆ దారిలో వాలు, వాసన, చప్పుడు, నేల, ఏది ఎక్కడ మారుతుందో ఫోనులో రికార్డు చేసుకో. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిచి చూడు, రెండు పూటలా చప్పుళ్లు వేరుగా ఉంటాయి. ఆ దారి ఒంటరిగా, ఎవర్నీ అడక్కుండా పోయి రాగలిగాక రెండో దారి మొదలుపెట్టు.